ఐదు ఇత్తడి రేకులు

నేను రాసిన నివేదిక ఒకటిన్నర పేజీ. అందులో మూడో పేరాలో ఒక వాక్యం ఉంది: "లాక్ పగలలేదు, వైర్లు తెంచలేదు, వేరే తాళంచెవికి తిరగడం లేదు, కాబట్టి బండిని దాని అసలు తాళంచెవితోనే స్టార్ట్ చేశారు." నన్ను డిటెక్టివ్‌గా పెట్టుకున్న బీమా కంపెనీ వాళ్ళకి నా వాక్యాలు ఇలా ముడి వేసినట్టు ఉంటేనే ఇష్టం. అది రాయడానికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఇన్‌స్పెక్టర్ ఒక ముసలి మెకానిక్‌ని లాకప్‌లో పెట్టి రెండు రోజులైంది.

శుక్రవారం పొద్దున్న పదకొండున్నరకి ఆ మెకానిక్ భార్య మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిసంచిలోంచి దగ్గుబిళ్ళల డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"మా ఆయన్ని నాలుగింటికి కోర్టుకి తీసుకెళ్తారటమ్మా. అట్నించి అటే జైలుకట. ఈలోగా మీరిది చూస్తారేమోనని తెచ్చాను."

డబ్బాలో ఐదు ఇత్తడి రేకులున్నాయి. ఒక్కోటి చిటికెనవేలి గోరంత ఉంది. మధ్యలో చిల్లు, అంచులు అరిగి నున్నబడ్డాయి. వాటితో పాటు వెంట్రుకల్లాంటి స్ప్రింగులు ఐదు. మూత లోపల అతికించిన కాగితం మీద పెన్నుతో 'డాక్టరు గారి బండి. సోమవారం' అని రాసి ఉంది.

"ఏ బండిలోంచి ఏది తీసినా ఆయన పారెయ్యరు," అందామె. "కాయితంలో చుట్టి, బండితో పాటు బండివాళ్ళకే ఇచ్చేస్తారు. అరిగిన నట్టయినా సరే. మనం ఏం తీశామో వాళ్ళకి తెలియాలి కదా అంటారు. ముప్పై ఏళ్ళలో ఇవ్వకుండా దాచింది ఇదొక్కటే. అదీ షెడ్డులో కాదు, నా కుట్టుమిషను సొరుగులో. ఎందుకు దాచారో అడుగుదామంటే ఆ పూటే తీసుకుపోయారు."

"మీరేమనుకుంటున్నారు?"

"నేనేం అనుకుంటానమ్మా. మా ఆయన నిదానం మనిషి. అందరూ నెమ్మదయ్య అని పిలిచేది అందుకే. మా పెళ్ళికే రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు, దారిలో ఎవరిదో బండి ఆగిపోయిందని. అలాంటి మనిషి ఒకర్ని గుద్ది పారిపోతారా? పారిపోవాలన్నా సాయంత్రం దాకా పట్టేది ఆయనకి."

నవ్వబోయి మధ్యలోనే ఆగిపోయింది. నేను డబ్బా మూత పెట్టి చెప్పులు వేసుకున్నాను.

దారిలో విషయాలన్నీ మళ్ళీ ఒక వరసలో పెట్టుకున్నాను. కళ్ళ డాక్టరు గారి క్లినిక్ మూతపడి రెండేళ్ళయింది. ఆయన కళ్ళకే జబ్బు చేసింది. ఎదురుగా చొక్కా గుండీ అంత మేర మసగ్గా కనిపిస్తుంది, మిగతాదంతా చీకటి. క్లినిక్ మూసినా ఆయన కంపౌండరు మాత్రం రోజూ వచ్చి తలుపులు తీసి, ఊడ్చి, పదిన్నరకల్లా డాక్టరు గారింటికి వెళ్ళి కూర్చుంటాడు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. మంగళవారం పదకొండు దాటి ఐదు నిమిషాలకి, క్లినిక్ గేటు దగ్గర, డాక్టరు గారి పాత ఆకుపచ్చ కారు ఆ కంపౌండర్ని గుద్దింది. ఆయన గేటు పక్క కాలవలో పడ్డాడు. తలకి రాయి తగిలి అక్కడికక్కడే ప్రాణం పోయింది.

సమయం చెప్పింది ఎదురింటి దర్జీ. రేడియోలో వార్తలు అప్పుడే అయిపోయాయట. గేటు స్తంభానికి కారు తగిలిన చప్పుడు విన్నాడు. ఆ తరవాత ఎవరో "ఏమోయ్" అని రెండుసార్లు పిలవడం విన్నాడు. కానీ బల్ల మీద ఖరీదైన గుడ్డ ఉంది, కత్తెర సగంలో ఉంది. కోత పూర్తి చేసి, పదకొండుంబావుకి బయటికి వచ్చాడు. అప్పటికి కార్లో ఎవరూ లేరు. తాళంచెవీ లేదు.

ఆ కారుకి తాళంచెవులు రెండు. ఒకటి డాక్టరు గారి అమ్మాయి సంచిలో, ఆమె పాఠం చెప్పే బళ్ళో, ఆమెతోనే ఉంది. రెండోది సోమవారం లాక్ బాగుచేసిన నెమ్మదయ్య దగ్గరే ఉండిపోయింది. అదే సోమవారం మధ్యాహ్నం కంపౌండరు అతని షెడ్డుకి వెళ్ళి గట్టిగా దెబ్బలాడాడని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. తాళంచెవి ఉంది, తగాదా ఉంది. మధ్యలో ఖాళీని నా వాక్యం పూడ్చింది.

*

లాకప్‌లో నెమ్మదయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను డబ్బా తెరిచి కటకటాల సందులోంచి చూపించాను. అతను కళ్ళు దించుకున్నాడు.

"ఇవేమిటో మీరే చెప్పండి. నాకు తెలియదు. తెలుసనుకుని ఒకసారి తప్పు రాశాను."

బయట గడియారం పన్నెండు కొట్టింది.

"లాక్ లోపలి రేకులమ్మా," అన్నాడు చివరికి. "తాళంచెవికి పళ్ళుంటాయి కదా. ఆ పళ్ళు ఒక్కో రేకునీ ఎంత ఎత్తాలో అంతే ఎత్తితే లాక్ తిరుగుతుంది. కాస్త ఎక్కువైనా తక్కువైనా రేకు అడ్డుపడుతుంది. ఆ బండి తాళంచెవి అరిగిపోయింది, రేకులూ అరిగిపోయాయి. అందుకే పట్టేసేది. పెట్టాక రాదు, తీశాక దూరదు. స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ బతిమాలితే గానీ తిరిగేది కాదు. ఎవరో అంతకుముందు నూనె కూడా పోశారు. నూనె పోస్తే దుమ్మంతా పట్టి జిగురైపోతుంది. పెన్సిల్ ముక్కు పొడి వెయ్యాలి గానీ నూనె పొయ్యకూడదమ్మా."

పని మాటల్లోకి రాగానే అతని గొంతు కాస్త కుదుటపడింది.

"అరిగితే ఏం చెయ్యాలి?"

"కొత్త లాక్ వెయ్యాలి. అంత పాత బండికి దొరకదు. లేకపోతే రేకులన్నీ విప్పి, కొలిచి, కొత్త తాళంచెవి కోసి, దానికి సరిపోయేలా ఒక్కో రేకుకీ ఆకురాయి పెట్టాలి. రెండు రోజుల పని. అమ్మాయి గారు సాయంత్రానికే కావాలన్నారు. నాన్నగార్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలట, మళ్ళీ వారం దాకా డాక్టరు దొరకడట."

"మీరేం చేశారు?"

"ఆరు రేకుల్లో ఐదు తీసేశాను."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అతను నా మొహం చూసి తనే చెప్పాడు.

"అడ్డుపడేవి లేకపోతే పట్టెయ్యదు కదమ్మా. ఒక్కటి ఉంచాను, తాళంచెవి జారిపోకుండా. అదీ అరిగి అరిగి దేన్నీ ఆపలేనిదే. ఆదివారం బండి మళ్ళీ తెప్పించుకుని సరిగ్గా చేద్దామనుకున్నాను. ఈలోగా ఏమవుతుందిలే అనుకున్నాను. నా బతుకులో తొందరపడింది ఆ ఒక్కసారే."

"అంటే ఆ లాక్ ఏ తాళంచెవికైనా తిరుగుతుంది."

"లోపలికి దూరేది ఏదైనా సరే. సన్నటిదయితే చాలు."

"అమ్మాయి గారికి ఈ మాట చెప్పారా?"

"చెబుదామనే ఉన్నాను. రేకులు కాయితంలో చుట్టి చేతిలో పట్టుకునే ఉన్నాను. ఆవిడ ఒకసారి తిప్పి చూసి, 'అబ్బ, ఎంత సులువుగా తిరిగిందో చూడండి' అని చిన్నపిల్లలా నవ్వారు. ఆ నవ్వు చూశాక నోరు రాలేదు. కాయితం జేబులో పెట్టేసుకున్నాను."

"ఇదంతా ఇన్‌స్పెక్టర్‌కి ఎందుకు చెప్పలేదు? మీ మీద కేసు సగం పోయేది."

"ఏం చెప్పమంటారు? నేను కాదు చంపింది, నా పని చంపింది అని చెప్పనా?"

"కంపౌండరు మీతో ఎందుకు దెబ్బలాడాడు?"

"పోయిన మనిషి మాటలు ఇప్పుడెందుకులెండి."

"ఆ తాళం తిప్పింది ఎవరో మీకు తెలుసా?"

అతను ఎడమ కన్ను తుడుచుకున్నాడు. ఆ కంటి తెల్లగుడ్డు మీద చిన్న మచ్చ ఉంది. ఎప్పుడో ఇనప రజను పడి తీయించుకున్న మచ్చలా ఉంది.

"నాకేం తెలీదమ్మా," అన్నాడు. "తెలిసినా తెలీదు."

*

పన్నెండున్నరకి స్టేషను వెనక ఆవరణలో ఆ కారు తలుపు తెరిపించాను. ఇన్‌స్పెక్టర్ చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకే వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. తెలివైనవాడే. ఒకసారి అనుకున్నది మార్చుకోవడమంటే మాత్రం అతనికి ఒంటిమీద చొక్కా విప్పమన్నంత అవమానం.

"ఏంటి మేడం, రాసిన కాగితం మీద మనసు మారిందా? వంటలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోసుకోవచ్చు. కేసులో కుదరదండి."

"నీళ్ళు పొయ్యడానికి రాలేదు. పారబోసి మళ్ళీ వండడానికి వచ్చాను."

డ్రైవరు సీట్లో కూర్చుని, బుధవారం చూసినవే మళ్ళీ చూశాను. ఈసారి ఒక్కొక్కటిగా.

హ్యాండ్ బ్రేక్ వేసి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఈ రెండూ నా నివేదికలో ఉన్నాయి, ఒకటో పేరాలోనే. రాశాను గానీ చదువుకోలేదు. మనిషిని గుద్ది పారిపోయేవాడు గేరు తీసి, హ్యాండ్ బ్రేక్ లాగి, తాళంచెవి తీసుకుని దిగడు. ఇంటి ముందు బండి ఆపేవాడు అలా దిగుతాడు.

తరవాత లాక్. తాళంచెవి దూరే కన్నం చుట్టూ గుండ్రటి స్టీలు బిళ్ళ ఉంది. దాని నిండా సన్నటి గీతలు. 'పాత అరుగుదల' అని రాశాను బుధవారం. టార్చి వేసి చూస్తే బిళ్ళ అంచున పసుపుపచ్చ జిగురు ఇంకా ఆరలేదు.

"ఈ బిళ్ళ ఎప్పటిది?"

"వాడే వేశాడు, సోమవారం. బిల్లులో రాశాడు. కొత్త బిళ్ళ అని," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అయితే ఈ గీతలు సోమవారం తరవాత పడినవి. పదకొండు లెక్కపెట్టాను. కన్నానికి పైన, కింద, పక్కన. తాళంచెవి పట్టుకుని కన్నం దొరక్క వెతికారు."

"కంగారులో చెయ్యి వణికి ఉంటుంది."

"ముప్పై ఏళ్ళుగా తాళాలు పెట్టి తీస్తున్న మెకానిక్‌కా? పదకొండు గంటలకి ఎండ సరిగ్గా ఈ అద్దంలోంచి పడుతుంది. కన్నం కనపడకపోవడానికి చీకటి కారణం కాదు."

"తాగి ఉంటాడు."

"మీ బల్ల సొరుగు తాళంచెవి ఒకసారి ఇస్తారా?"

అతను నవ్వాడు. ఆవరణలో ఉన్న ఇద్దరు పోలీసులకి వినబడేలా, "డిటెక్టివ్ గారు గారడీ చేస్తారట, చూడండి," అన్నాడు. గుత్తిలోంచి సన్నటి చిన్న తాళంచెవి తీసి ఇచ్చాడు.

బుధవారం నేను ప్రయత్నించింది నా కారు తాళంచెవితో. అది మందం. కన్నంలోకి సగమే వెళ్ళింది. 'తిరగడం లేదు' అని రాశాను. 'దూరడం లేదు' అని రాయాల్సింది. రెండు మాటలకీ తేడా ఉంది. ఆ తేడాలో ఒక మనిషి రెండు రాత్రులు సిమెంటు నేల మీద పడుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ సొరుగు తాళంచెవి లోపలికి మెత్తగా వెళ్ళింది. తిప్పాను. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

నవ్వు ఆగిపోయింది. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి తనే ఇంజను ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు. నేను డబ్బా తెరిచి ఐదు రేకులూ చూపించి నెమ్మదయ్య చెప్పింది చెప్పాను. అంతా విని, తాళంచెవి తుడుచుకుని గుత్తికి తగిలించుకున్నాడు.

"చాలా మంచి పని చేశారు మేడం. నా కేసు గట్టి చేసి పెట్టారు."

"ఎలా?"

"ఈ లాక్ ఏ చెవికైనా తిరుగుతుందని ఎవరికి తెలుసు? అమ్మాయి గారికి చెప్పలేదు. డాక్టరు గారికి తెలీదు. చివరికి మీకూ తెలీదు. తెలిసినవాడు ఒక్కడే. ఆ రేకులు కూడా వాడి ఇంట్లోనే దొరికాయి. పైగా దాచిపెట్టి." డబ్బా నా చేతిలోంచి తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు. "సరే, మీ దగ్గరే ఉంచండి. నాలుగింటికి కోర్టుకి తెస్తే చాలు."

అతను అన్నదానిలో తప్పు లేదు. అదే నన్ను బాధించింది. సాయం చేద్దామని తెచ్చిన డబ్బా ఆ మనిషి మెడకి ఇంకో మెలిక వేసింది.

"తెలిసి తిప్పినవాడి కోసమే ఎందుకు చూస్తున్నారు?" అన్నాను. "తెలియక తిప్పినవాడు ఉండొచ్చు. అదే అసలు తాళంచెవి అనుకుని తిప్పినవాడు."

"ఉంటే తీసుకురండి. మూడున్నర దాకా స్టేషన్‌లోనే ఉంటాను."

*

డాక్టరు గారి ఇల్లు ఆ సందుకి ఈ చివర, క్లినిక్ ఆ చివర. మధ్యలో రెండు వందల అడుగులు, ఒక పక్కంతా వెల్ల వేసిన గోడ. రెండింటికి నేను వెళ్ళేసరికి అమ్మాయి గిన్నెలు సర్దుతోంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. గిన్నెలన్నీ ఒకే పక్కకి తిప్పి బోర్లించింది. ప్రతి డబ్బా మూత మీద పొంగిన దారపు ముడులు అతికించి ఉన్నాయి. ఒక ముడి, రెండు ముడులు, మూడు ముడులు. తండ్రి వేళ్ళతో చూసుకునేందుకు.

"నాన్నగారు పడుకున్నారు," అంది మెల్లిగా. "తాళంచెవి మళ్ళీ చూపించమంటారా? నా సంచిలోనే ఉంది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బళ్ళో నా పక్కనే ఉంది. తోటి టీచర్లు ముగ్గురు చెప్పారు కదా."

"చెప్పారు. నేను ఆ తాళంచెవి కోసం రాలేదు. నాన్నగారి గుత్తి ఎక్కడ ఉంటుంది?"

గుమ్మం పక్క మేకు వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.

"ఆయన దిండు కింద పెట్టుకుంటారు."

"అందులో ఇదివరకు కారు తాళంచెవి ఉండేది కదా. ఎప్పుడు తీసేశారు?"

"ఏడు నెలలయింది. అప్పుడొకసారి బండి తీసి వీధి దీపం స్తంభానికి గుద్దారు. ఇంక నడపొద్దన్నాను, నడపనన్నారు. కానీ నాకు నమ్మకం లేక తీసేశాను."

"ఆయన గుత్తి వేళ్ళతో లెక్కపెట్టుకునే మనిషి. ఒకటి తగ్గితే తెలియలేదా?"

ఆమె చేతిలో గ్లాసు తుడవడం ఆపలేదు. తుడిచినదే తుడుస్తోంది.

"తెలుస్తుందనే దాని చోట్లో ఇంకోటి వేశాను. క్లినిక్‌లో మందుల బీరువాది. అదీ అంతే పొడుగు, అంతే సన్నం. పట్టుకుంటే తేడా తెలీదు. పోయింది అని తెలిస్తే చిన్నబోతారు కదా. ఉందనుకుంటూ ఉంటారులే, ఎలాగూ అది ఆ తాళానికి తిరగదు అని..."

అక్కడ ఆగిపోయింది. నేను డబ్బా తెరిచి బల్ల మీద పెట్టి, ఐదు రేకులు తీసేస్తే ఏమవుతుందో చెప్పాను. మూడు వాక్యాల్లో అయిపోయింది. ఆమె గ్లాసుని ఎంతో జాగ్రత్తగా, మిగతా గ్లాసుల వరసలో బోర్లించింది.

"మంగళవారం బడినుంచి వచ్చేసరికి ఏం చూశారు?" అన్నాను.

"ఏమీ చూడలేదు."

ఆమె గ్లాసులు తుడిచిన గుడ్డని నాలుగు మడతలు పెట్టింది.

"కుడి అరచెయ్యంతా సున్నం," అంది. "చొక్కా చేతికి కూడా. గోడ పట్టుకుని నడిచినట్టు. చెప్పులు బయట ఉన్నాయి. అప్పటికే సందు చివర జనం. కంపౌండరు మావయ్య పోయాడన్నారు. మన కారే అన్నారు. నేను వచ్చి నాన్నగారి చెయ్యి కడిగాను. చొక్కా ఉతికాను. ఎక్కడికెళ్ళారు నాన్నా అని అడగలేదు."

"ఎందుకు?"

"అడిగితే చెబుతారని భయం." ఆమె కుర్చీలో కూర్చుంది. "కానీ తాళంచెవి నా సంచిలో ఉంది కదండీ. అదొక్కటే పట్టుకుని ఉన్నాను. బీరువా తాళంచెవితో కారు కదలదు, కాబట్టి నాన్నగారు కాదు. ఈ మూడు రోజులూ అదే మంత్రంలా చెప్పుకుని నిద్రపోయాను. నెమ్మదయ్యని పట్టుకెళ్ళారంటే, మీరే రాశారు కదా, చదువుకున్నవాళ్ళు రాశారు, నిజమే అయి ఉంటుంది అనుకున్నాను."

నేను డబ్బా మూత పెట్టాను.

"నాన్నగారికి కంపౌండరు సంగతి తెలుసా?"

"కూతురి ఊరు వెళ్ళాడని చెప్పాను."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. చెప్పుల్లేని అడుగులు, గోడమీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పొడుగాటి మనిషి. మడత నలగని చొక్కా. మొహాన్ని పక్షిలా అటూ ఇటూ తిప్పి, ఆ గుండీ అంత చూపులో నన్ను వెతికి పట్టుకున్నారు.

"ఎవరమ్మా? పేషెంటా? ఏ కన్ను?"

"రెండూనండి," అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

"కూర్చో. కంపౌండరు ఉంటే ముందు చుక్కలు వేసేవాడు. వాడు మూడు రోజులుగా రావడం లేదు. ఊరెళ్ళాడంటుంది మా అమ్మాయి. నాకు చెప్పకుండా వాడు వీధి చివరికైనా వెళ్ళడు. అలిగాడు."

"ఎందుకలిగారు?"

"సోమవారం బండి బాగుచేయిస్తున్నామని తెలిసి గంతులేశాడు. అమ్మెయ్యండి, లేకపోతే ఆ నెమ్మదయ్యతో చెప్పి ఇంజనే తీయిస్తాను అన్నాడు. నాకు చెప్పడానికి నువ్వెవడివిరా అన్నాను." ఆయన కుర్చీ తడిమి కూర్చున్నారు. "ముప్పై ఎనిమిదేళ్ళలో అంత మాట ఎప్పుడూ అనలేదమ్మా. మర్నాడు పదిన్నరకి రావలసినవాడు పదకొండయినా రాలేదు. నేనే వెళ్ళి తీసుకొద్దామనుకున్నాను. వాడికి మోకాలి నొప్పి. బండిలో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొస్తే కోపం పోతుంది కదా అని."

అమ్మాయి లేచి నిలబడింది. "నాన్నా, ఇంక చాలు."

"ఏం, తిడతావా? రెండు వందల అడుగులు. బండి మొహం అటే ఉంది. కళ్ళు మూసుకుని వెళ్ళగలను ఆ దారిలో." జేబులోంచి గుత్తి తీసి మురిపెంగా ఊపారు. "తాళం కన్నం దొరకడానికే కాసేపు పట్టింది. కానీ దొరికాక చూడాలి. ఇదివరకు ఎంత బతిమాలితే తిరిగేది? ఆ రోజు వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది. నెమ్మదయ్య చాలా గొప్పగా చేశాడు. ఈసారి వస్తే చెప్పాలి వాడికి."

అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కంపౌండరు దొరికాడా?" అన్నాను.

"లేడు. గేటు దగ్గర ఏదో తగిలింది. వెల్ల వేయించడానికి సున్నం బస్తాలు తెప్పిస్తానన్నాడు, అవే అనుకున్నాను. దిగి, 'ఏమోయ్' అని పిలిచాను. రెండుసార్లు. పలకలేదు. ఇంకా తగ్గలేదన్నమాట వీడి కోపం అనుకుని, గోడ పట్టుకుని నడిచి..."

ఆయన మొహం అమ్మాయి వైపు తిరిగింది. చప్పుడు రాకుండా ఏడవడం ఆమెకి బాగా అలవాటున్నట్టుంది. కానీ ఆయన ఊపిరి వింటారు. చాలాసేపు విన్నారు.

"అది బస్తా కాదా?" అన్నారు.

నా పని ప్రశ్నలు అడగడం. జవాబు చెప్పవలసి రావడం అదే మొదటిసారి.

"కాదండి."

గుత్తి ఆయన ఒళ్ళో పడింది. గోడ గడియారంలో రెండూ నలభై. రెండూ యాభై అయింది. ఆ పది నిమిషాల్లో ఆయన ఒక్కసారి మాత్రం పెదవులు కదిపారు, ఎవర్నో పిలిచినట్టు. అమ్మాయి నేలమీద కూర్చుని ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఆయన చెయ్యి దానంతటదే ఆమె తల మీదికి వెళ్ళింది.

"ఇది అడగడానికి నువ్వు వచ్చావంటే, ఇంకెవర్నో పట్టుకుని ఉంటారు," అన్నారు నాతో.

"నెమ్మదయ్యని. నాలుగింటికి కోర్టుకి తీసుకెళ్తారు. నేను రాసిన తప్పు వల్ల."

"వాడి కంట్లో ఇనప రజను నేనే తీశాను," అన్నారు. తరవాత, "వాడు నా పేరు చెప్పలేదా?"

"చెప్పలేదు."

ఆయన గుత్తి పైకి తీసి ఒక్కో తాళంచెవీ వేళ్ళ మధ్య నుంచి జారవిడిచారు. నాలుగోది పట్టుకుని, గోరుతో రింగు విప్పడం మొదలుపెట్టారు. రింగు బిగువుగా ఉంది. రెండుసార్లు జారింది. నేను సాయం చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చివరికి ఊడి వచ్చింది. దాని పళ్ళ మొదట్లో ఆకుపచ్చ చిలుము. చివర మాత్రం కొత్త స్టీలు మీద రాసుకుని తళతళలాడుతోంది. దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"అమ్మాయీ, నా చెప్పులు తీసుకురా."

"మీరు రావద్దు నాన్నా. నేను వెళ్ళి అన్నీ చెబుతాను. తాళంచెవి మార్చింది నేను, చొక్కా ఉతికింది నేను. నెమ్మదయ్య తప్పు లేదని చెబుతాను."

"నాకు కళ్ళు లేవని నా గుత్తిలో తాళంచెవి మార్చావు. మంచికే చేశావు. కంపౌండరు ఊరెళ్ళాడన్నావు. అదీ మంచికే. ఇప్పుడు నా చెప్పులు మాత్రం నావే ఇవ్వు."

ఆమె లేచి వెళ్ళింది. నేను ఇన్‌స్పెక్టర్‌కి ఫోను చేసి, వస్తున్నామని, నెమ్మదయ్యని కదిలించొద్దని చెప్పాను. ఎవరితో వస్తున్నానో అడిగాడు. చెప్పాను. అతను ఈసారి ఏ చమత్కారమూ ఆడలేదు. "గుమ్మం దగ్గర మెట్లు ఎత్తుగా ఉంటాయి, చూసి తీసుకురండి," అన్నాడు.

అమ్మాయి చెప్పులు తెచ్చి తండ్రి పాదాల ముందు పెట్టింది. కడిగినట్టున్నారు గానీ, కుడి చెప్పు కుట్లలో సున్నం ఇంకా తెల్లగా ఉంది.

నా రెండో నివేదిక నాలుగు పేజీలు. ఆ సున్నం మాట అందులో లేదు.